ఎవరి తప్పూ లేని జబ్బు

ఆరోగ్య విషయాలకే పరిమితమైన ఈ శీర్షికలో నేడు ఒక పాత కంప్యూటర్‌కు వచ్చిన జబ్బు గురించి రాయబోతున్నాను. దారి తప్పానని పాఠకులు అనుకోవద్దు. ఆ జబ్బు మూలాన్ని వెదుకుతూ వెళ్ళిన నేను చివరకు నా సొంత మందుల పెట్టె దగ్గరకు చేరుకున్నాను. దశాబ్దాల తరబడి వైద్యం చేసినవాడికి ఒక యంత్రం నేర్పిన పాఠం ఇది. చెప్పుకోవటానికి కొంత సిగ్గుగానే ఉన్నా, నలుగురికీ ఉపయోగపడుతుందని చెబుతున్నాను.

నా కంప్యూటర్ 2011లో కొన్నది. విండోస్ 7 వ్యవస్థ, 2 గిగాబైట్ల మెమరీ, ఆనాటికి గొప్పదే అనిపించిన 320 గిగాబైట్ల హార్డ్ డిస్క్. "ఇంకా దాన్నే పట్టుకుని కూర్చుంటారేమిటి నాన్నా, కొత్తది కొనుక్కోండి" అని పిల్లలు ఏటా అంటూనే ఉంటారు. కొనకపోవటానికి పిసినారితనం ఒక్కటే కారణం కాదు. నేను తెలుగులో టైపు చేయటం నేర్చుకున్న నాటికి యూనికోడ్ మన ఇళ్ళలోకి రాలేదు. అప్పటి డీటీపీ కేంద్రాలలో వాడుకలో ఉన్న ఒక తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కు నా వేళ్ళు అలవాటు పడ్డాయి. రోగుల కోసం రాసిన కరపత్రాలు, వైద్య శిబిరాలలో చేసిన ప్రసంగాలు, పత్రికలకు పంపిన వ్యాసాలు అన్నీ ఆ పాత ఫాంట్లలోనే ఉన్నాయి. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో వాటిని తెరిస్తే తెలుగు అక్షరాలకు బదులు అర్థం లేని ఇంగ్లీషు గుర్తుల వరుసలు కనిపిస్తాయి. ఇరవై ఏళ్ళ నా రాతంతా ఆ పెట్టెలోనే ఉంది.

గత చలికాలంలో దానికి జబ్బు చేసింది. పావుగంట టైపు చేసేసరికి తెర మీద కర్సర్ కదలకుండా నిలిచిపోయేది. కొన్ని క్షణాల తరువాత హఠాత్తుగా మేలుకుని, నేను నొక్కిన అక్షరాలలో కొన్నిటిని మింగివేసి, కొన్నిటిని రెండేసి సార్లు వేసేది. 'మధుమేహం' అని కొడితే 'మహం' అని పడేది. ఇంగ్లీషులో ఉత్తరం రాసినా ఇదే తంతు. ఒక్కొక్కసారి మౌస్ కూడా బిగుసుకుపోయేది. అప్పుడు పవర్ బటన్ నొక్కిపట్టి బలవంతంగా ఆపటం తప్ప గత్యంతరం ఉండేది కాదు. అలా ఆపిన ఒక సాయంత్రం మూడు రోజులు కూర్చుని రాసిన వ్యాసం పూర్తిగా పోయింది. అప్పటికి నా ఎడమ మణికట్టుకు కట్టు ఉంది. స్నానాల గది దగ్గర కాలు జారి పడ్డానని అందరికీ చెప్పాను. ఒంటిచేత్తో అక్షరం అక్షరం కొట్టుకున్న వ్యాసం అది. ఎంత బాధ కలిగిందో చెప్పలేను.

నేను చేసిన మొదటి చికిత్సలన్నీ లక్షణాలకు చేసినవే. అక్షరాలు సరిగా పడటం లేదు కనుక కీబోర్డు మార్చాను. వేగం తగ్గింది కనుక, అనవసరపు ఫైళ్ళను ఊడ్చివేస్తానని చెప్పే ఒక సాఫ్ట్‌వేర్‌ను వేశాను. అది వచ్చిన తరువాత తెర మీద ప్రకటనలు మొదలైనాయి. వాటిని అడ్డుకోవటానికి ఇంకొకటి. పరికరాలను నడిపే డ్రైవర్లు పాతబడి ఉంటాయని ఎవరో అంటే, వాటిని సరిచేసేది మరొకటి. వైరస్ పట్టిందేమోనన్న అనుమానంతో, అదివరకే ఒక యాంటీవైరస్ ఉండగా, రెండోదానిని ముప్పై రోజుల ఉచిత పరీక్షకు తెచ్చి పెట్టాను. ప్రతి ఒక్కటీ మేలు చేస్తాననే ఇంట్లోకి వచ్చింది. ప్రతి ఒక్కటీ కంప్యూటర్ తెరవగానే తనంతట తానే మేలుకుని, తెర వెనుక కూర్చుని పని మొదలుపెట్టేది. జబ్బు మాత్రం ముదిరింది.

చివరకు మాకు ఎప్పటినుంచో తెలిసిన కంప్యూటర్ దుకాణం కుర్రవాడికి ఫోన్ చేశాను. అంతా విని అతడు అడిగిన మొదటి ప్రశ్న ఇది: "డాక్టరు గారూ, ఇబ్బంది మొదలయ్యే ముందు కొత్తగా ఏం వేశారు?"

నేను ఒక్క క్షణం మాట్లాడలేకపోయాను. ఒంటి మీద దద్దుర్లతో వచ్చిన ప్రతి రోగినీ నేను అడిగే మొదటి ప్రశ్న అదే. "కొత్తగా ఏ మందు వాడారు?" అని అడగకుండా నా గదిలోనుంచి ఎవరూ బయటకు వెళ్ళలేదు. నా కంప్యూటర్ విషయంలో ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు.

"బాబూ, అది గుర్తు లేదు. చాలానే వేశాను" అన్నాను.

"అయితే ఇప్పుడు ఇంకేమీ వేయకండి, ఏమీ తీయకండి. ముందు ఏవేవి ఉన్నాయో కాగితం మీద రాయండి. సేఫ్ మోడ్‌లో ఒక అరగంట టైపు చేసి చూడండి. రేపు మాట్లాడదాం" అన్నాడు.

సేఫ్ మోడ్ అంటే కంప్యూటర్‌ను అత్యవసరమైన భాగాలతో మాత్రమే నడిపే పద్ధతి. విండోస్ 7లో యంత్రం మేలుకుంటున్న సమయంలో ఎఫ్8 మీటను నొక్కుతూ ఉంటే ఆ అవకాశం తెర మీదకు వస్తుంది. తనంతట తానే మొదలయ్యే బయటి సాఫ్ట్‌వేర్లు ఏవీ అప్పుడు లేవవు. ఆ స్థితిలో నేను ముప్పావుగంట టైపు చేశాను. ఒక్క అక్షరం కూడా తప్పలేదు. దీనితో కీబోర్డు, మెమరీ, డిస్క్ వంటి అవయవాలలో దోషం ఉండే అవకాశం చాలావరకు తగ్గిపోయింది. మొదటే ఈ పరీక్ష చేసి ఉంటే కొత్త కీబోర్డు కొనే పని ఉండేది కాదు.

తరువాత జాబితా రాశాను. విండోస్ గుర్తున్న మీటనూ ఆర్ అక్షరాన్నీ కలిపి నొక్కి, వచ్చిన గడిలో ఎం ఎస్ కాన్ఫిగ్ అని కొడితే సిస్టం కాన్ఫిగరేషన్ అనే పలక తెరుచుకుంటుంది. అందులో సర్వీసెస్ అనే భాగంలోనూ, స్టార్టప్ అనే భాగంలోనూ కంప్యూటర్‌తో పాటు మేలుకునేవన్నీ కనిపిస్తాయి. సర్వీసెస్‌లో మైక్రోసాఫ్ట్ వారివి దాచిపెట్టే గడిని ముందుగా టిక్ చేయాలి. లేకపోతే వ్యవస్థకు ప్రాణాధారమైన వాటిని కూడా పొరపాటున ఆపివేసే ప్రమాదం ఉంది. అవి పోగా బయటివి 14 మిగిలాయి. ప్రింటరుది, స్కానరుది, పాత మొబైల్ ఫోనుది, బ్యాంకు పనుల రక్షణది, ఊడ్చేది, సరిచేసేది, రెండు యాంటీవైరస్‌లు, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ మొదలైనవి. అందులో నాలుగింటిని ఎప్పుడు, ఎందుకు వేశానో నాకే తెలియలేదు.

మర్నాడు కుర్రవాడు చెప్పిన పద్ధతి సులభమైనది. పద్నాలుగింటినీ ఆపాలి. కంప్యూటర్‌ను మళ్ళీ మొదలుపెట్టాలి. బాగుంటే వాటిలో సగాన్ని తిరిగి అనుమతించి చూడాలి. జబ్బు తిరిగి వస్తే దోషి ఆ సగంలో ఉన్నట్టు, రాకపోతే రెండో సగంలో ఉన్నట్టు. ఇలా సగం, అందులో సగం చేసుకుంటూ పోతే, పద్నాలుగింటిలో ఒక దోషిని పట్టుకోవటానికి నాలుగు ప్రయత్నాలు చాలు.

మొదటి ఏడింటినీ అనుమతించాను. గంటసేపు టైపు చేశాను. కంప్యూటర్ ఆరోగ్యంగా ఉంది. అయితే దోషి రెండో సగంలో ఉండాలి. మొదటి ఏడింటినీ ఆపి, రెండో ఏడింటినీ అనుమతించాను. గంటసేపు టైపు చేశాను. అప్పుడూ ఆరోగ్యంగానే ఉంది. పద్నాలుగింటినీ అనుమతించాను. పన్నెండు నిమిషాలకు కర్సర్ ఆగిపోయింది.

దోషి ఎక్కడా లేదు, జబ్బు మాత్రం ఉంది. ఆ రాత్రి చాలాసేపు దాని గురించే ఆలోచించాను. మొదటి సగంలో తప్పు లేదు, రెండో సగంలో తప్పు లేదు. తప్పు ఆ రెండూ కలిసిన చోట ఉంది.

అక్కడినుంచి పద్ధతి మార్చాము. మొదటి సగాన్ని అలాగే ఉంచి, రెండో సగం నుంచి ఒక్కొక్కదాన్నే చేర్చుతూ వచ్చాను. నాలుగోది చేర్చగానే జబ్బు కనిపించింది. అది బ్యాంకు పనుల రక్షణ కోసం ఒక యాంటీవైరస్ వెంట వచ్చిన భాగం. దానిని అలాగే ఉంచి, మొదటి సగంలోనుంచి ఒక్కొక్కదాన్నే తీస్తూ వెళ్ళాను. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఆపగానే జబ్బు మాయమైంది. రెండు రోజులు పట్టింది. ప్రతి మార్పునూ తేదీ, సమయంతో సహా కాగితం మీద రాసుకున్నాను.

కారణం తెలిసిన తరువాత రెండింటి మీదా నాకు గౌరవమే కలిగింది. పాత తెలుగు సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది? మనం నొక్కిన ప్రతి మీటనూ మధ్యలో పట్టుకుని, దాన్ని తెలుగు అక్షరానికి తగిన సంకేతంగా మార్చి ముందుకు పంపుతుంది. మనం ఇంగ్లీషులో రాస్తున్నా అది తెర వెనుక మీటలను గమనిస్తూనే ఉంటుంది. బ్యాంకు రక్షణ భాగం ఏం చేస్తుంది? మనం నొక్కే రహస్య సంకేతాలను దొంగ సాఫ్ట్‌వేర్ ఏదైనా మధ్యలో పట్టుకుంటుందేమోనని కాపలా కాస్తుంది. మీటలను మధ్యలో పట్టుకునే వాడెవడైనా దాని దృష్టిలో దొంగే. ఒకటి తన పని తాను చేస్తోంది. రెండోది తన కాపలా తాను కాస్తోంది. ఇద్దరు నిజాయితీపరులు ఒకే గుమ్మంలో ఎదురుపడి దారి ఇవ్వకపోతే నష్టపోయేది ఇంట్లోవాళ్ళు. ఇక్కడ నష్టపోయినవి నా అక్షరాలు.

రెండు యాంటీవైరస్‌ల సంగతి కూడా ఇదే కోవకు చెందినది. నిరంతరం కాపలా కాసే యాంటీవైరస్ ఒక కంప్యూటర్‌కు ఒకటి మాత్రమే ఉండాలి. ఒకటి పరీక్షించటానికి ఒక ఫైలును తెరిస్తే, ఎవరో ఫైలు తెరిచారని రెండోది దానిని పరీక్షించటానికి పూనుకుంటుంది. ఒకదాని దగ్గర ఉన్న వైరస్ ఆనవాళ్ళను చూసి రెండోది వైరస్ అని కేకలు పెట్టవచ్చు. కాపలా రెట్టింపు కాదు, శ్రమ మాత్రం రెట్టింపు అవుతుంది.

ఈ జాబితా అంతా నేను బల్ల మీద పరుచుకుని కూర్చున్న రాత్రి మా శ్రీమతి పాలగ్లాసు తెచ్చి పెడుతూ ఆ కాగితాన్ని చూసింది. ఏ సాఫ్ట్‌వేర్ ఎప్పుడు వచ్చిందో, ఎందుకు వచ్చిందో, ఇప్పుడు అవసరమా కాదా అని గీతలు గీసి రాసిన కాగితం. కాసేపు చదివి, "ఏమండీ, మీరు మింగే మాత్రలకు ఇలాంటి కాగితం ఎప్పుడైనా రాసుకున్నారా?" అని అడిగింది. సమాధానం కోసం ఆగకుండా లోపలికి వెళ్ళి, నా మందుల పెట్టెను తెచ్చి కీబోర్డు పక్కన పెట్టింది.

మణికట్టు విషయంలో నేను ఇంట్లోవాళ్ళకు చెప్పిన మాట నిజం కాదని ఆమెకు తెలుసు. ఆ రాత్రి కాలు జారలేదు. మూత్రానికని మంచం దిగి నాలుగడుగులు వేసేసరికి కళ్ళు చీకట్లు కమ్మి, గోడ పట్టుకోబోయి పడ్డాను. అంతకు ముందు రెండుసార్లు తూలి ఆపుకున్నాను. "వయసు" అని నాకు నేనే రోగ నిర్ణయం చేసుకున్నాను. ఇతరులకు అంత తేలికగా ఆ నిర్ణయం ఏనాడూ చేయలేదు.

ఆ రాత్రే మందుల జాబితా రాశాను. ఎనిమిది మందులు. ఇచ్చినవారు నాతో కలిపి నలుగురు వైద్యులు. వాటిని తేదీల వరుసలో పెట్టగానే కథ అంతా కళ్ళకు కట్టింది. రక్తపోటు పెరిగిందని అమ్లోడిపిన్ మోతాదును 5 మిల్లీగ్రాముల నుంచి 10కి పెంచారు. కొన్ని వారాలకు నా పాదాలు వాచాయి. అమ్లోడిపిన్ సన్నని ధమనులను వ్యాకోచింపజేయటం వల్ల కేశనాళికలలో పీడనం పెరిగి, ద్రవం బయటకు ఊరి పాదాలు వాచవచ్చు. ఇది పాఠ్యపుస్తకాలలో ఉన్న విషయమే. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు కనుక మూత్రకారక ఔషధాలతో దీనికి పెద్దగా ప్రయోజనం ఉండదు. ఆ సంగతి విద్యార్థులకు చెప్పిన నేనే, నా వాపుకు ఫ్యూరోసిమైడ్ రాసుకున్నాను. ఉదయం మరచిపోయిన రోజులలో సాయంత్రం వేసుకునేవాణ్ణి. దానితో రాత్రులు నాలుగైదు సార్లు లేవటం మొదలైంది. ప్రోస్టేట్ గ్రంథి వయసుకు తగ్గట్టు కొంత పెరిగి ఉండటంతో మూత్రాంగ నిపుణులు టామ్సులోసిన్ ఇచ్చారు. వారి వైపు నుంచి అది సరైన మందే. ఫ్యూరోసిమైడ్ సంగతి వారికి నేను చెప్పలేదు. టామ్సులోసిన్ ప్రోస్టేట్ కండరాలను సడలిస్తుంది, రక్తనాళాలను కూడా కొంత సడలించగలదు. రక్తపోటు మందులతో, మూత్రకారకంతో కలిసినప్పుడు నిలుచోగానే రక్తపోటు పడిపోయే అవకాశం పెరుగుతుంది. నాకు కళ్ళు తిరిగాయి. చెవి, ముక్కు, గొంతు వైద్యుడైన ఒక మిత్రుడిని ఫోనులో అడిగితే బీటాహిస్టిన్ వాడి చూడమన్నాడు. అది ఎనిమిదో మందు అయింది.

వేగం తగ్గిందని ఊడ్చేది, ఊడ్చేది తెచ్చిన ప్రకటనలకు అడ్డుకునేది. కంప్యూటర్‌కు నేను చేసిందీ, నాకు నేను చేసుకున్నదీ ఒకటే. ఒక మందు తెచ్చిన అవాంఛిత ఫలితాన్ని కొత్త జబ్బుగా పొరబడి, దానికి మరొక మందు ఇవ్వటాన్ని వైద్యశాస్త్రంలో 'ప్రిస్క్రైబింగ్ కాస్కేడ్' అంటారు. ఔషధాల గొలుసుకట్టు అనుకోవచ్చు. పౌలా రోషాన్, జెర్రీ గుర్విట్జ్ అనే వైద్యులు 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ పేరుతోనే దీనిని వివరించారు. ఆ పేరు నాకు తెలుసు. తెలిసిన పేరు నా మంచం పక్కనే ఉందని తెలియలేదు.

మర్నాడు ఉదయం రక్తపోటు చూసుకున్నాను. ఐదు నిమిషాలు పడుకున్న తరువాత 136/80. లేచి నిలుచున్న మూడు నిమిషాలకు 108/68. నిలుచున్న మూడు నిమిషాలలోగా పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని, అంతకు మించి గాని తగ్గితే దానిని స్థితిజ రక్తపీడన క్షీణత అంటారు. నాకు రెండూ తగ్గాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట చెప్పాలి. కంప్యూటర్‌కు చేసిన ప్రయోగం శరీరానికి చేయరాదు. యంత్రంలో పద్నాలుగింటినీ ఒక్కసారిగా ఆపినా మళ్ళీ మొదలుపెట్టవచ్చు. మన గుండెకు అటువంటి మీట లేదు. మనిషికి సేఫ్ మోడ్ లేదు. మెటోప్రొలాల్ వంటి బీటా గ్రాహక అవరోధకాలను హఠాత్తుగా ఆపితే గుండె నొప్పి, గుండెపోటు రావచ్చు. మూర్ఛ మందులు ఆపితే మూర్ఛలు తిరగబెట్టవచ్చు. దీర్ఘకాలంగా వాడుతున్న స్టీరాయిడ్లను ఒక్కసారిగా ఆపితే ప్రాణాపాయమే సంభవించవచ్చు. అందుచేత జాబితా రాయటం వరకే మన పని. తీసేయటం, తగ్గించటం వైద్యుల పని. నేను వైద్యుణ్ణే అయినా నా కాగితం పట్టుకుని మా వైద్యుడి దగ్గరకే వెళ్ళాను. ఒకప్పుడు నా దగ్గర హౌస్ సర్జన్‌గా పనిచేసినవాడు ఆయన. కాగితం చదివి చాలాసేపు ఏమీ అనలేదు. చివరకు, "సార్, ఇదే కాగితం ఎవరైనా రోగి తెచ్చి ఉంటే మీరేమనేవారు?" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాము గాని, నాకు ఆ ప్రశ్న బాగానే తగిలింది.

ఆయన కూడా ఒక్కసారికి ఒక్క మార్పే చేశారు. ముందు ఫ్యూరోసిమైడ్ ఆపించారు. రెండు వారాల తరువాత అమ్లోడిపిన్‌ను మళ్ళీ 5 మిల్లీగ్రాములకు తగ్గించి, అదివరకే ఉన్న టెల్మిసార్టాన్ మోతాదును సవరించారు. రోజూ ఇంట్లో రక్తపోటు చూసి రాసుకున్నాను. పాదాల వాపు క్రమంగా తగ్గింది. రాత్రి లేవటం ఒకటి రెండు సార్లకు దిగింది. నెల తరువాత మూత్రాంగ నిపుణులు పరిశీలించి టామ్సులోసిన్‌ను ఆపి చూద్దామన్నారు. ఇబ్బంది రాలేదు. చివరకు బీటాహిస్టిన్ అవసరమూ తీరిపోయింది. ఎనిమిది మందులు ఐదు అయినాయి. ఇప్పుడు పడుకున్నప్పుడు 138/82, నిలుచున్నప్పుడు 130/80. నాకు టామ్సులోసిన్ అవసరం లేకపోయినంత మాత్రాన మరొకరికి లేదని కాదు. ఈ మార్పులు నా శరీరానికి, మా వైద్యుల పర్యవేక్షణలో జరిగినవి. ఎవరి జాబితా వారిదే.

పాఠకులు ఒక చిన్న లెక్క గమనించాలి. ఐదు మందులు వాడేవారి ఒంట్లో జంటలు 10. ఎనిమిది అయితే 28. పది అయితే 45. మందులు రెట్టింపు అయితే అవి ఒకదానికొకటి ఎదురుపడే అవకాశాలు నాలుగింతలు దాటుతాయి. నా కంప్యూటర్‌లోని 14 సాఫ్ట్‌వేర్లలో జంటలు 91. జంటలన్నీ పోట్లాడవు. చాలావరకు స్నేహంగానే ఉంటాయి. కాని సంఖ్య పెరిగేకొద్దీ జాగ్రత్త పెరగాలి.

పోట్లాటలు మూడు విధాలు. మొదటిది రెండు యాంటీవైరస్‌ల వంటిది, అంటే ఒకే మందు రెండు పేర్లతో రావటం. జ్వరం మాత్రలోనూ, జలుబు మాత్రలోనూ పారసెటమాల్ ఉంటుంది. రెండూ వేసుకుంటే తెలియకుండానే మోతాదు మించి కాలేయానికి హాని కలగవచ్చు. రెండోది నా తెలుగు సాఫ్ట్‌వేర్, బ్యాంకు రక్షణల వంటిది, అంటే వేరు వేరు మంచి మందులు కలిసి కీడు చేయటం. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు కీళ్ళ నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి సొంతంగా కొనుక్కుంటే రక్తస్రావం కలగవచ్చు. మూడోది వేళల తగాదా. థైరాయిడ్ లోపానికి వాడే లీవోథైరాక్సిన్‌ను కాల్షియం మాత్రతోనో, ఐరన్ మాత్రతోనో కలిపి మింగితే అది ప్రేగులలో సరిగా గ్రహించబడదు. నాలుగు గంటల ఎడం ఇస్తే రెండూ తమ పని తాము చేసుకుంటాయి.

కాబట్టి నా విన్నపం ఇది. ఇంట్లో పెద్దలున్నవారు ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి. మందుల పెట్టె, ఫ్రిజ్‌లోని మందులు, చేతిసంచిలోనివి, ఆయుర్వేదం, హోమియో, బలానికని కొన్నవి, నొప్పికి అప్పుడప్పుడు వాడేవి అన్నీ ఒక చోటకు చేర్చండి. పెట్టె మీది వ్యాపారనామం కాదు, దాని కింద ఉన్న అసలు ఔషధనామం రాయండి. మోతాదు, ఏ వేళకు వేసుకుంటారు, ఎప్పటినుంచి, ఎవరు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు అని ఐదు గళ్ళు గీయండి. 'ఎందుకు' అనే గడి ఖాళీగా మిగిలితే దాని పక్కన ఒక గుర్తు పెట్టండి. కొత్త బాధ ఏది వచ్చినా, దానికి ముందు కొత్తగా ఏ మందు చేరిందో, ఏ మోతాదు మారిందో చూడండి. ఏ వైద్యుని దగ్గరకు వెళ్ళినా ఆ కాగితం వెంట తీసుకువెళ్ళండి. కళ్ళ వైద్యుడే కదా, పళ్ళ వైద్యుడే కదా అని ఇంట్లో వదిలి వెళ్ళవద్దు.

కంప్యూటర్ సంగతి ముగించి సెలవు తీసుకుంటాను. విండోస్ 7కు భద్రతా సవరణలు 2020 జనవరి 14తో సాధారణ వినియోగదారులకు ఆగిపోయాయి. అటువంటి యంత్రంలో బ్యాంకు పనులు చేయటమే పొరపాటని కుర్రవాడు నచ్చచెప్పాడు. ఆ పనులు అక్కడ మానివేశాను. మానివేసిన తరువాత బ్యాంకు రక్షణ భాగంతో అవసరమే లేకపోయింది. పని తీరిన మందు వంటిదే అది. దానిని, రెండో యాంటీవైరస్‌ను, ఊడ్చేదాన్ని, సరిచేసేదాన్ని పద్ధతి ప్రకారం ఒక్కొక్కటిగా తొలగించాను. ప్రతి తొలగింపు తరువాత ఒక రోజు ఆగి చూశాను. నా రాతలన్నిటికీ బయటి డిస్క్‌లో ఒక నకలు తీసి పెట్టాను. ఇంటర్నెట్ తీగ కూడా తీసివేశాను. ఇప్పుడది తెలుగు టైపు చేయటానికి మాత్రమే ఉన్న యంత్రం. పదవీ విరమణ చేసినా ఒక పని మిగిలినవాడి వలె అది నెమ్మదిగా, నిబ్బరంగా ఉంది.

పోయిన వ్యాసం దొరకలేదు. దాని బదులు ఈ వ్యాసం రెండు చేతులతో టైపు చేశాను. కంప్యూటర్ మూత మీద దాని జాబితా అంటించాను. మందుల పెట్టె మూత మీద నాది మా శ్రీమతి అంటించింది.